మన ప్రశ్న సభదాకా ఎట్లా పోవాలి?

(గుడివాడలో ఉపాధ్యాయులు, వ్యవసాయ కూలీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను 'చట్టసభలు - దళిత ప్రతినిధులు' అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఈ మాట వినగానే మనం ఎవరు గెలిచారు, ఎవరికి మంత్రి పదవి వచ్చింది అనే లెక్కల్లోకి పోతాం. ఆ లెక్కలు టీ కొట్టు దగ్గర రోజూ జరుగుతూనే ఉంటాయి, నేను వదిలేస్తున్నా. మనం ఓటేసి పంపినాయన సభలో లేచి మన గురించి ఏమడిగాడు? ఏం జవాబొచ్చింది? ఆ జవాబు మన పల్లెదాకా వచ్చిందా, దార్లోనే చచ్చిందా? ఇదీ నేను మాట్లాడదల్చుకున్నది.

కొంచెం వెనక్కి పోదాం. 1917 నవంబరులో బెజవాడలో ఒక సభ జరిగింది. ఈ గుడివాడ ప్రాంతంలో మనవాళ్ళ మధ్య పనిచేసిన గూడూరు రామచంద్రరావు గారు పూనుకుని పెట్టించిన సభ. పంచమ మహాసభ అని పేరు పెట్టారు. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ ఆ పేరే ఒప్పుకోలేదు. మనం ఈ నేల మీద మొదటివాళ్ళం, ఆది ఆంధ్రులం అన్నాడు. సభ ఆది ఆంధ్ర సభ అయింది. అయిదేళ్ళ తర్వాత, 1922లో, మద్రాసు శాసన మండలిలో ఎం.సి. రాజా తీర్మానం పెట్టాడు. సర్కారు కాగితాల్లోంచి పంచమ, పరయ అనే మాటలు తీసెయ్యాలి, ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రాయాలి అని. ప్రభుత్వం ఒప్పుకుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. రాజా గారు ఓట్లతో గెలిచినాయన కాదు. గవర్నరు నామినేట్ చేస్తే వెళ్ళినాయన. పైగా మద్రాసు మనిషి. మరి 'ఆది ఆంధ్ర' అనే మాట ఆయన నోటికి ఎట్లా అందింది? ఇక్కడ మనవాళ్ళు ముందే కూడి, వాదులాడుకుని, తేల్చి పెట్టుకున్నారు గనక. సభలో పలికే ముందు పల్లెలో పలికింది.

రెండో ఉదాహరణ 1924. అదే మండలిలో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానం పెట్టాడు. పబ్లిక్ రోడ్డు మీద ఏ కులం వాడైనా నడవొచ్చు, పబ్లిక్ బావి, చెరువు, ఆఫీసు ఎవరికైనా తెరిచే ఉండాలి అని. జీవో కూడా వచ్చింది. బాగానే ఉంది. ఏ ఊళ్ళోనైనా దండోరా వెయ్యాలంటే డప్పు పట్టేది మనవాడే. నీ దారి నీకు తెరిచారహో అని మనవాడే చాటాలి, చాటి మళ్ళీ ఊరి చెరువుకి ఎడంగా నడిచి ఇంటికి పోవాలి! 1985 జులైలో కారంచేడులో గొడవ ఎక్కడ మొదలైందో మీకు చెప్పక్కర్లేదు. మంచినీళ్ళ చెరువు దగ్గర. తాగే నీళ్ళు పాడు చెయ్యొద్దన్నందుకు. ఆరుగుర్ని చంపారు. జీవోకీ ఆ చెరువు గట్టుకీ మధ్య అరవయ్యొక్క ఏళ్ళు. ఆ మధ్యలో మన తరఫున చట్టసభలకు వెళ్ళిన వాళ్ళందరూ ఏం చేస్తున్నట్టు?

వాళ్ళనే తిట్టి ఊరుకోవడం సులువు. వాళ్ళ కాళ్ళకి కట్టిన తాడు కూడా చూడాలి. 1932లో అంబేద్కర్ ప్రత్యేక నియోజకవర్గాలు సాధిస్తే, గాంధీ గారి నిరాహారదీక్షతో పూనా ఒప్పందం అయింది. సీట్లు మనకి, ఓట్లు అందరివీ. 2022లో జిల్లాలు విడగొట్టాక మన కృష్ణా జిల్లాకి మిగిలింది ఏడు నియోజకవర్గాలు. అందులో రిజర్వుడు ఒక్క పామర్రు. అక్కడ నిలబడేది మనవాడే గాని, బీ-ఫారం ఇచ్చేది ఎవరు? ఖర్చు పెట్టేది ఎవరు? గెలిచాక ఎవరి గుమ్మం ముందు చెప్పులు విప్పాలి?

అయినా అందరూ ఒకటి కాదు. పామర్రుకి ముందు ఆ రిజర్వుడు సీటు నిడుమోలు. అక్కడి నుంచి 1962లో, మళ్ళీ 1978లో గుంటూరు బాపనయ్య గెలిచారు. కమ్యూనిస్టు పార్టీలతో మన ఉద్యమానికి తగాదా ఉంది, అది ఉండనివ్వండి. ఆయన వెనక వ్యవసాయ కూలీల సంఘం ఉంది. కూలి రేటు, బంజరు, ఇంటిస్థలం అనే మాటలు ఆయన నోట్లో వినపడ్డాయంటే అవి సంఘం మీటింగుల్లోంచి పోయిన మాటలే. సంఘం లేని ఎమ్మెల్యే ఎంత మంచోడైనా ఒంటరోడే.

ఇంకో మాట. మిగతా ఆరు సీట్లలో మనం ఓట్లు వెయ్యటం లేదా? గుడివాడలో, బందర్లో, పెడనలో, అవనిగడ్డలో మాలపల్లెలూ మాదిగపల్లెలూ లేవా? ఎలక్షన్ల ముందు రాత్రి మన గుడిసెలు వాళ్ళకి బాగానే కనపడతాయి. జనరల్ సీటు ఎమ్మెల్యే మన ప్రశ్న అడగక్కర్లేదని ఏ రాజ్యాంగంలో ఉంది? ఎస్సీల సంగతి ఎస్సీ ఎమ్మెల్యే చూసుకుంటాడు అనే మాట మనమే నమ్ముతున్నాం. అది మానాలి.

అడగటం ఎట్లాగో చెప్తా. బడి పంతుల్ని గదా, కొంచెం పాఠంలాగే ఉంటుంది, ఓర్చుకోండి. మనం ఎమ్మెల్యేకి ఇచ్చేది అర్జీ. ఆయన దాని మీద సంతకం పెట్టి ఆఫీసరుకి పంపుతాడు. మా దివిసీమలో మా పేట శ్మశానానికి దారి లేదు. మురుగుకాలవ దాటాలి. వానాకాలం శవాన్ని మొలలోతు నీళ్ళల్లో మోసుకుపోతాం. ఎన్ని అర్జీలు ఇచ్చామో, అన్నిటి మీదా సంతకాలున్నాయి. దారి మాత్రం లేదు.

సభలో ప్రశ్న వేరు. నక్షత్రపు గుర్తు ప్రశ్న అని ఉంటుంది. ముందుగా నోటీసు ఇవ్వాలి, స్పీకరు అనుమతించాలి. సభలో దానికి మంత్రి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వెయ్యొచ్చు. గుర్తు లేనిదానికి కాగితం మీద జవాబొస్తుంది. జీరో అవర్ ఉంది. పేపర్లో 'గళమెత్తిన ఎమ్మెల్యే' అని ఫొటో వచ్చేది ఎక్కువగా దీనికే. మంత్రి అప్పటికప్పుడు జవాబు చెప్పి తీరాలని లేదు గనక అందరికీ సుఖం. మంత్రి సభలో మాటిచ్చి తప్పితే? దానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఎస్సీల సంక్షేమానికి శాసనసభ కమిటీ ఉంది. 2013లో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. 2023లో పదేళ్ళు పొడిగించారు. ఆ డబ్బు మన పేటకి ఎంత వచ్చిందని అడగటానికి చట్టమే ఉంది గదా.

ప్రశ్న పదునుగా ఉండాలి. 'దళితుల భూములు కాపాడాలి' అంటే మంత్రి 'మా ప్రభుత్వం కట్టుబడి ఉంది' అంటాడు. అయిపోయింది. అదే, ఫలానా ఊళ్ళో ఫలానా సర్వే నంబరులో ఎంతమందికి డి-పట్టాలిచ్చారు, ఈ రోజు ఎవరి సాగులో ఉన్నాయి, రొయ్యల చెరువు తవ్వడానికి ఎవరు అనుమతి ఇచ్చారు అని అడగండి. అప్పుడు తాసీల్దారు రికార్డు దులపాలి. 1977 చట్టం ప్రకారం అసైన్డు భూమి అమ్మితే చెల్లదు. 2023లో దాన్ని సవరించి, ఇరవై ఏళ్ళు దాటిన పట్టాదారుకి అమ్ముకునే హక్కు ఇచ్చారు. హక్కే అని కొందరు మిత్రులు సంతోషిస్తున్నారు. నాకు భయంగా ఉంది. అప్పుల్లో ఉన్నవాడికి అమ్ముకునే హక్కు ఇస్తే లాభం కొనేవాడికి. ఎన్ని ఎకరాలు చేతులు మారాయో మండలం వారీగా అడిగించాలి.

ఇదే 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది. పదివేల మందికి పైగా పోయారు. పనుల కోసం వలసొచ్చిన కూలీల పేర్లు ఏ ఊరి జాబితాలో ఉంటాయి? లెక్కలో లేనివాడి గురించి సభలో ఎవరు లేస్తారు?

చివరిగా బహిష్కరణల సంగతి. 2017 చివర్లో వైఎస్సార్ కాంగ్రెసు సభకి వెళ్ళడం మానేసింది. 2021లో చంద్రబాబు నాయుడు గారు సభలోంచి బయటికొచ్చి ముఖ్యమంత్రిగానే వస్తానన్నారు, 2024లో అట్లాగే వచ్చారు. ఆ తర్వాత ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని వైఎస్సార్ కాంగ్రెసు మళ్ళీ బయటే ఉండిపోయింది. వాళ్ళ పంతాలు వాళ్ళవి. ఆ రోజుల్లో మా శ్మశానం దారి ఎవరు అడగాలి?

అందుకని ఈ సమావేశం ముందు ఒక పని పెడుతున్నా. వచ్చే ఆదివారం పొద్దున్నే మీ పేట నుంచి ఇద్దరు రండి, ఒకరు ఆడమనిషి అయి ఉండాలి. పట్టా జిరాక్సు, సర్వే నంబరు, ఇచ్చిన అర్జీల మీద తేదీలు పట్టుకురండి. ఒక్కో పేటకి ఒక్కో ప్రశ్న రాద్దాం. ఏడుగురు ఎమ్మెల్యేలకీ చేతికిచ్చి, అందినట్టు సంతకం తీసుకుందాం. సభ అయ్యాక ఎవరు అడిగారో, ఎవరు అడగలేదో పేట పేటకీ గోడమీద రాద్దాం. సున్నం, బ్రష్షులు మా పంతుళ్ళు తెస్తారు.