పడవ ఉన్న పేదలు

 

ఈ రోజు విశాఖపట్నం రేవు మీద బతికేవారి గురించి నాలుగు మాటలు చెప్పదలిచాం. రేవుకీ మనకీ పరిచయం పాతది. మచిలీపట్నాన్ని మనం పిలుచుకునే బందరు అన్న పేరు ఫార్సీ మాట. ఓడరేవు అని అర్థం. విశాఖ ఓడరేవు పక్కన మూడు కొండలున్నాయి. ఒకదానిపై గుడి, ఒకదానిపై చర్చి, ఒకదానిపై హజ్రత్ ఇసాక్ మదీనా దర్గా. ఆ దారిన వచ్చే ఓడలవాళ్లు దర్గాకు సలాం చేసి వెళ్లేవారని పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు.

రేవులో పనిచేసేవారికి సాయం చేద్దామని మేము అన్నప్పుడు దాతల్లో ఒకరు అడిగారు: "సొంత పడవ ఉన్నవాడు పేదవాడెలా అవుతాడు?" న్యాయమైన ప్రశ్నే. అమానతు సొమ్ము ఇచ్చేవారు అడగవలసిన ప్రశ్న కూడా.

దీనికి జవాబు ఖుర్ఆన్‌లోని కహఫ్ సూరాలో దొరుకుతుంది. ఖిజ్ర్ అలైహిస్సలాం తాము ఎక్కిన పడవకే రంధ్రం చేశారు. మూసా అలైహిస్సలాం ఆశ్చర్యపోయారు. తరువాత కారణం తెలిసింది. ముందు ఒక రాజు పడవలను బలవంతంగా లాక్కుంటున్నాడు. లోపం ఉన్న పడవైతే వదిలేస్తాడు. ఆ పడవ ఎవరిది? సముద్రం మీద పనిచేసుకునే మిస్కీన్లది. పడవ ఉన్నా వారిని ఖుర్ఆన్ మిస్కీన్లనే అంది. ఈ ఆయతు ఆధారంగానే ఇమాం షాఫయీ, కొంత ఆస్తి ఉండి కూడా అవసరాలు తీరనివాడు మిస్కీన్ అవుతాడని వివరించారు. జీవనోపాధికి వాడే పనిముట్లు నిసాబ్ లెక్కలోకి రావని హనఫీ ఉలమా కూడా చెబుతారు.

ఇక రేవు లెక్క చూద్దాం. వేటకు వెళ్లిన బోటు తిరిగొచ్చాక చేపలు పాటలో అమ్ముతారు. వచ్చిన డబ్బులోంచి ముందు డీజిలు, ఐసు, బియ్యం, ఉప్పూ పప్పుల ఖర్చు తీసేస్తారు. మిగిలినదాన్ని యజమాని, డ్రైవరు, కళాసీలు వాటాలు వేసుకుంటారు. వల నిండకపోతే ఖర్చు మాత్రమే మిగులుతుంది. తర్వాతి వేటకు అప్పు తెస్తారు. చిన్న ఫైబర్ తెప్ప ఉన్నవాడి సంగతీ అంతే. తెప్ప అతని పేరున ఉంటుంది, దాని సంపాదన అప్పిచ్చినవాడికి పోతుంది.

దీనికి తోడు ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పెరిగే కాలం కనుక అది అవసరమే. వేటకు వెళ్లేవారికి ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 10,000 రూపాయల నుంచి 20,000కు పెంచింది. మంచి పని. కానీ రేవు మీద బతికేది వేటకు వెళ్లేవారు మాత్రమే కాదు. ఐసు కొట్టేవారు, వలలు బాగుచేసేవారు, గంపలు మోసేవారు, ఎండు చేపలు ఆరబెట్టేవారు, చేపలు తరలించే ఆటోవాళ్లు ఉన్నారు. బోటు కదలకపోతే వీరికీ పని ఉండదు.

జెట్టీ దగ్గర చేపలమ్మే ఒక తల్లిని మేము పలకరించాం. "బాబూ, వేటకెళ్లేవాళ్లకి సర్కారు డబ్బులొస్తాయి. నా గంపకెవరిస్తారు?" అంది. పొద్దున్న 900 రూపాయలు చేతికి తీసుకుంటుంది. సాయంత్రానికి 1,000 కట్టాలి. చేపలు మిగిలిపోయినా కట్టాలి. ఆమె అడిగింది దానం కాదు, ఆ 900 వడ్డీ లేకుండా దొరికితే చాలంది. రోజుకు ఆ 100 మిగిలితే పిల్లల బడి ఖర్చు గడుస్తుంది.

2023 నవంబరు 19 రాత్రి ఇదే చేపల రేవులో మంటలు లేచి 30కి పైగా బోట్లు కాలిపోయాయి. బోట్ల విలువలో 80 శాతం పరిహారంగా ప్రభుత్వం ప్రకటించింది. బోటుకు విలువ కట్టగలిగారు. ఆ బోట్ల చుట్టూ తిరిగే కూలికి విలువ కట్టడం ఎవరికైనా కష్టమే. అక్కడే మనవంటి సంస్థల అవసరం.

అందుకే ఈ ఏడు మూడు పనులు తలపెట్టాం. మొదటిది, గంప పెట్టుబడికి కర్జె హసనా. వడ్డీ లేదు, తిరిగొచ్చిన సొమ్ము మరొకరికి వెళుతుంది. రెండోది, మే నెల నడుమ, ఇంట్లో బియ్యం అడుగంటే వేళకు రేషను. మూడోది, జూన్ మొదటి వారంలో వలల మరమ్మతుకు సాయం. మొదటి వేటే అప్పుతో మొదలైతే ఏడాదంతా అప్పే.

రేవులో ఎక్కువమంది వాడబలిజ, జాలరి కుటుంబాలవారు. మన కుటుంబాలూ కొన్ని ఉన్నాయి. జకాత్ సొమ్మును దాని షరతుల ప్రకారమే ఇస్తాం. సందేహం వస్తే ముఫ్తీ సాహెబులను అడుగుతాం. సదఖా, కర్జె హసనాలకు మతం అడగం.

మీకు మా విన్నపం ఒకటే. ఈ కొన్నేళ్లుగా రంజాన్ వేట నిషేధానికి ముందే ముగుస్తోంది. మీరిచ్చేదంతా పండుగనాటికే ఖర్చు చేయమనకండి. కొంత మే, జూన్ నెలలకు ఆపుకోనివ్వండి. అవసరం ఉన్న రోజున అందిన పదే రేపటి వందకన్నా మేలు.

ఖిజ్ర్ అలైహిస్సలాం ఆ పేదలకు అన్నం పెట్టలేదు, వారి పడవను నిలబెట్టారు. నేడు పడవను లాక్కునేది అప్పు. దాని చేతికి చిక్కకుండా ఒక్క పడవను, ఒక్క గంపను కాపాడినా మన శ్రమ వృథా కాదు. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక, కడలి మీదకు వెళ్లినవారిని క్షేమంగా ఇల్లు చేర్చుగాక. ఆమీన్.