పొలానికి వెళ్లే దారి

 

ప్రతి ఏడాదీ ఈ సభలో మన పండుగల గురించి, మన భాష గురించి, మన హక్కుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మేము వేరే దేశపు రైతుల గురించి మాట్లాడతామని అడిగాం. దానికి కారణం మా హాస్టల్ పిల్లలే. రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఫోన్లలో పాలస్తీనా వీడియోలు చూస్తున్నారు. బాంబులు, పొగ, ఏడుపులు. కింద కామెంట్లలో ఒక మతం వాళ్లను ఇంకో మతం వాళ్లు తిట్టుకోవడం. అవి చదివి మన పిల్లలు కూడా రెండు జట్లయి వాదించుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు పదో తరగతి అమ్మాయి ఒకతి "మేడం, బాంబులు పడని రోజు అక్కడివాళ్లు ఏం చేస్తారు?" అని అడిగింది. వెంటనే మా దగ్గర జవాబు లేదు. మేము, టీచర్లు కలిసి కూర్చుని చదివాం. చదివినది ఇవాళ మీ ముందు పెడుతున్నాం.

ఆ అమ్మాయి ప్రశ్నకు చిన్న జవాబు ఉంది. పొలానికి వెళ్తారు, వెళ్లనిస్తే. ఆ "వెళ్లనిస్తే" అన్న మాటలో ఎంత ఉందో చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందు ఆ ప్రాంతం ఎక్కడో చూద్దాం. పాలస్తీనా వాళ్లు ఉండే నేల రెండు ముక్కలు. ఒకటి సముద్రం ఒడ్డున ఉన్న గాజా. రెండోది జోర్డాన్ నదికి పడమరన కొండలతో ఉన్న వెస్ట్ బ్యాంక్. మనం వీడియోల్లో ఎక్కువగా చూసేది గాజా యుద్ధం. ఈరోజు మేము చెప్పేది వెస్ట్ బ్యాంక్ రైతుల గురించి. అది మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కంటే చిన్నది. కానీ దాదాపు ముప్పై లక్షల మంది పాలస్తీనా వాళ్లు అక్కడ ఉన్నారు.

1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ ఆ ప్రాంతాన్ని ఆక్రమించింది. అప్పటి నుంచి అక్కడ సైన్యం పాలన. ఆ తర్వాత ఇజ్రాయెల్ పౌరులు వచ్చి కొండల మీద కాలనీలు కట్టుకున్నారు. వాటిని సెటిల్‌మెంట్లు అంటారు, ఉండేవాళ్లను సెటిలర్లు అంటారు. మన దగ్గర ఈ మాటను వేరే చోటు నుంచి వచ్చి స్థిరపడిన ఎవరికైనా వాడతాం. అక్కడ దాని అర్థం వేరు. సైన్యం ఆక్రమించిన నేల మీద ఆ సైన్యపు దేశం వాళ్లు వచ్చి ఊళ్లు కట్టుకోవడం. తూర్పు జెరూసలేంతో కలిపి ఇప్పుడు వాళ్లు ఏడు లక్షల దాకా ఉన్నారు. ఇది చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2004లో చెప్పింది, 2024 జూలైలో మళ్లీ చెప్పింది. ఇజ్రాయెల్ ఒప్పుకోలేదు.

1995 ఒప్పందంలో వెస్ట్ బ్యాంక్‌ను ఏ, బీ, సీ అని మూడు రకాలుగా విభజించారు. సీ భాగం సుమారు 60 శాతం. పొలాలు, మేత భూములు ఎక్కువగా ఉన్నది అందులోనే. అక్కడ ఇల్లు కట్టాలన్నా, పశువుల కొట్టం వేయాలన్నా, వాన నీటికి తొట్టి తవ్వాలన్నా ఇజ్రాయెల్ అనుమతి కావాలి. పాలస్తీనా వాళ్లకు ఆ అనుమతి దొరకడం బహు అరుదు. లేకుండా కడితే బుల్డోజర్ వస్తుంది.

ఇక రైతు దగ్గరికి వెళ్దాం. అక్కడి ముఖ్యమైన పంట ఆలివ్. సాగు భూమిలో దాదాపు సగం ఆలివ్ తోటలే. 80 వేల నుంచి లక్ష కుటుంబాల రాబడి ఎంతో కొంత దానితో ముడిపడి ఉందని ఐక్యరాజ్యసమితి లెక్క. అక్టోబర్, నవంబర్ నెలల్లో కోత. మనకు ఇప్పపూల కాలం ఎలాగో వాళ్లకు అది అలాగ. ఇంటిల్లిపాదీ తోటకు పోతారు. చెట్టు కింద పట్టాలు పరుస్తారు. నిచ్చెన ఎక్కి చేత్తో, చిన్న దువ్వెన లాంటి పనిముట్టుతో కాయ రాలుస్తారు. ముసలమ్మలు కూర్చుని ఆకు, పుల్ల ఏరుతారు. అక్కడే మంట వేసి టీ కాస్తారు. సాయంత్రం బస్తాలు గానుగకు పోతాయి. ఏడాదికి సరిపడా నూనె వస్తుంది. పిల్లల ఫీజులు, పెళ్లి ఖర్చులు అందులోంచే.

ఇప్పుడు ఈ తోటకు, ఇంటికి మధ్య ఒక గోడ పెట్టి చూడండి. 2002లో ఇజ్రాయెల్ అడ్డుగోడ కట్టడం మొదలుపెట్టింది. కొన్ని చోట్ల ఎత్తైన కాంక్రీటు గోడ, ఎక్కువ చోట్ల కంచె, పక్కనే సైన్యం రోడ్డు. వేసిన ప్లాను సుమారు 710 కిలోమీటర్లు. అది సరిహద్దు గీత మీదే ఉంటే ఒక సంగతి. కానీ ఆ దారిలో 85 శాతం వెస్ట్ బ్యాంక్ లోపలి నుంచే పోతుంది. దాంతో ఊరు ఒక పక్క, పొలం ఇంకో పక్క పడ్డాయి. కల్కీలియా దగ్గర జయ్యూస్ అనే ఊరుంది. గోడ వచ్చాక ఆ ఊరి సాగు భూమిలో ఎక్కువ భాగం, బావులతో సహా అవతల పడిపోయింది.

అవతలి పొలానికి పోవాలంటే గేటు దాటాలి. గేటు దాటాలంటే పర్మిట్ కావాలి. ఆ భూమి నీదేనని కాగితాలు చూపాలి. తండ్రి పేరున ఉంటే నువ్వు ఆయన కొడుకువని చూపాలి. తండ్రికి పర్మిట్ వచ్చి, కొడుకుకు రాకపోవచ్చు. కొంత కాలానికి గడువు అయిపోతుంది, మళ్లీ అర్జీ. ట్రాక్టర్ తీసుకుపోవాలంటే దానికి వేరే అనుమతి. కొన్ని గేట్లు రోజూ పొద్దున, సాయంత్రం కాసేపు తెరుస్తారు. కొన్ని వారానికోసారి. చాలా గేట్లు కోత కాలంలో కొద్ది రోజులే. సైనికుడు ఆలస్యంగా వస్తే రైతు నిలబడి ఉండాల్సిందే.

మీ ఇళ్లలో వ్యవసాయం తెలుసు కాబట్టి మీకు వేరే చెప్పక్కర్లేదు. కోతకు ఒక్కసారి పోతే పంట రాదు. దున్నాలి, కొమ్మలు కత్తిరించాలి, కలుపు తీయాలి. గేటు తెరవని నెలల్లో ఇవేవీ జరగవు. అందుకే గోడ అవతల ఉన్న ఆలివ్ చెట్ల దిగుబడి ఇవతలి చెట్ల కంటే దాదాపు 60 శాతం తక్కువని ఐక్యరాజ్యసమితి మానవతా కార్యాలయం గమనించింది. రోజూ చూసుకోవాల్సిన కూరగాయలు, పండ్లు చాలామంది మానేశారు. చెక్‌పోస్టులు, మూసిన రోడ్లు, మట్టి దిబ్బలు, గేట్లు అన్నీ కలిపితే 2025 ఆరంభంలో వెస్ట్ బ్యాంక్‌లో 849 అడ్డంకులు లెక్క తేలాయి. అడవి చెక్‌పోస్టు దగ్గర అర్ధగంట ఆపితేనే మనకు ఎంత కష్టంగా ఉంటుంది!

పంట పోవడం ఒక నష్టం. దానికన్నా పెద్దది ఇంకొకటి ఉంది. మాకు ఇది చదివేదాకా తెలియదు. జాగ్రత్తగా వినండి.

పూర్వం ఆ ప్రాంతం తుర్కుల ఒట్టోమన్ సామ్రాజ్యంలో ఉండేది. 1858లో వాళ్లు ఒక భూచట్టం చేశారు. చాలా సాగు భూములకు అంతిమ యజమాని రాజ్యం, దున్నేవాడికి సాగు హక్కు. పదేళ్లు వరుసగా సాగు చేస్తే హక్కు గట్టిపడుతుంది. సరైన కారణం లేకుండా మూడేళ్లు బీడు పెడితే హక్కు పోవచ్చు. 1967 నాటికి వెస్ట్ బ్యాంక్‌లో మూడో వంతు భూమికే పూర్తి రిజిస్ట్రేషన్ జరిగి ఉంది. ఆక్రమణ తర్వాత సైన్యం ఆ రిజిస్ట్రేషన్ పని ఆపేసింది. 1979లో ఒక కేసులో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు, సైనిక అవసరమని చెప్పి రైతుల సొంత భూమిలో సెటిల్‌మెంట్ కట్టడం చెల్లదని చెప్పింది. ఆ తర్వాత పాత ఒట్టోమన్ చట్టాన్ని బయటికి తీశారు. సాగులో లేదని తేల్చిన భూమిని "ప్రభుత్వ భూమి" అని ప్రకటించడం పెద్ద ఎత్తున మొదలైంది.

గేటు మూసినంత మాత్రాన వెంటనే భూమి పోతుందని మేము అనడం లేదు. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. సాగే హక్కుకు సాక్ష్యం అయిన చోట, సాగుకు పోయే దారి చిక్కినకొద్దీ సాక్ష్యం కూడా చిక్కిపోతుంది. అందుకే అక్కడి రైతు గేటు దగ్గర మూడు గంటలు నిలబడైనా పోతాడు. ఆ ఏడు కాయ సరిగా లేకపోయినా పోతాడు. అరబ్బీలో దీనికి ఒక మాట ఉంది: సుమూద్. ఎవరేం చేసినా ఉన్నచోట నిలబడి ఉండడం అని.

బెత్లెహేం దగ్గర నస్సార్ అనే క్రైస్తవ కుటుంబం కథ చెప్తాం. వాళ్ల తాత 1916లో కొండ మీద భూమి కొన్నాడు. పత్రాలు రాయించి దాచిపెట్టాడు. 1991లో ఆ భూమిని ప్రభుత్వ భూమి అన్నారు. వాళ్లు ఆ పాత పత్రాలు పట్టుకుని కోర్టుకు పోయారు. దశాబ్దాలుగా కేసు నడుస్తూనే ఉంది. చుట్టూ సెటిల్‌మెంట్లు వచ్చాయి. కరెంటు ఇవ్వకపోతే సోలార్ పెట్టుకున్నారు. కట్టడానికి అనుమతి ఇవ్వకపోతే గుహల్లో ఉంటున్నారు. 2014 మేలో సైన్యం బుల్డోజర్లు వాళ్ల పండ్ల తోటను ధ్వంసం చేశాయి. మళ్లీ నాటారు. గేటు దగ్గర ఒక రాయి మీద, మేము ఎవరికీ శత్రువులం కాబోమని పలు భాషల్లో రాసుకున్నారు.

సెటిలర్ల ఒత్తిడి ఇంకో తీరు. ఈమధ్య ఏళ్లలో కొందరు కొండ మీద ఒక షెడ్డు వేసి గొర్రెల మందతో దిగుతున్నారు. కొద్దిమందే ఉంటారు, కానీ మంద తిరిగినంత మేర పాలస్తీనా కాపరులను రానివ్వరు. మందను రైతు చేలలోకి తోలడం, చెట్లు నరకడం, కోసిన కాయ ఎత్తుకుపోవడం, కొట్టడం. హెబ్రాన్ దక్షిణ కొండల్లో మసాఫర్ యట్టా ఊళ్లు ఉన్నాయి. అక్కడివాళ్లు గుహల్లో ఉంటూ గొర్రెలు కాసుకుని బతికేవాళ్లు. 1980ల్లో ఆ నేలను సైన్యం కాల్పుల సాధన స్థలమని ప్రకటించింది. 2022 మేలో వెయ్యి మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించడానికి కోర్టు అడ్డు తొలగించింది. ఆ ఊళ్ల మీద పాలస్తీనా, ఇజ్రాయెల్ యువకులు కలిసి తీసిన "నో అదర్ ల్యాండ్" డాక్యుమెంటరీకి 2025లో ఆస్కార్ వచ్చింది.

2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1200 మంది చనిపోయారు. తర్వాత గాజాలో వేల, పదుల వేల ప్రాణాలు పోయాయి. వెస్ట్ బ్యాంక్‌లో ఆ కోత కాలంలోనే పర్మిట్లు ఆగిపోయాయి, గేట్లు మూతపడ్డాయి. సుమారు 24 వేల ఎకరాల ఆలివ్ తోటలు ఆ ఏడు కోయకుండా మిగిలాయి. కాయ చెట్టు మీదే ఎండి రాలింది. 2025 అక్టోబర్ ఒక్క నెలలో సెటిలర్ల దాడులు 260కి పైగా నమోదయ్యాయి. 2006లో లెక్క మొదలుపెట్టినప్పటి నుంచి ఒక నెలలో ఇన్ని ఎప్పుడూ లేవు.

పిల్లలూ, రెండో పక్కా వినాలి. 2000 తర్వాత ఇజ్రాయెల్ బస్సుల్లో, హోటళ్లలో మానవబాంబులు పేలి వందల మంది చనిపోయారు. గోడ అందుకే కట్టామని వాళ్లు అంటారు. ఆ భయం నిజం. ఆ భయం పేరున గోడను రైతు చేను మధ్యలో నుంచి తీసుకుపోవడం న్యాయమా అన్నది ప్రశ్న. ఆ ప్రశ్న అడిగేవాళ్లలో యూదులు కూడా ఉన్నారు. యూదు మత గురువుల సంఘం ఒకటి ఏటా కోతకు వచ్చి పాలస్తీనా రైతుల పక్కన నిలబడి కాయ కోస్తుంది. దెబ్బలు కూడా తిన్నారు. 2006లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టే, సెటిలర్లు దాడి చేస్తారని చెప్పి రైతును తన చేలోకి పోనివ్వకపోవడం తప్పు, సైన్యం రైతుకు రక్షణ ఇవ్వాలి అని తీర్పు చెప్పింది. అమలు ఎలా ఉందో పై లెక్కలే చెప్తాయి. కాబట్టి కామెంట్లలో ఒక మతాన్ని మొత్తంగా తిట్టేవాడు ఈ సంగతి తెలియనివాడు.

గెలిచిన ఊళ్లూ ఉన్నాయి. బిలిన్ ఊరివాళ్లు 2005 నుంచి ప్రతి శుక్రవారం గోడ దగ్గరికి ఊరేగింపుగా పోయారు. 2007లో కోర్టు దారి మార్చమంది. 2011లో మార్చారు, కొంత భూమి తిరిగి వచ్చింది. బత్తీర్ అనే ఊరిలో కొండ వాలున మెట్ల పొలాలు, రోమన్ల కాలం నాటి ఊట కాలువలు ఉన్నాయి. ఎనిమిది వంశాలు ఆ నీటిని వంతులుగా, ఒక్కొక్కరు ఒక్కో రోజు వాడుకుంటారు. అందుకే బత్తీర్‌లో వారానికి ఎనిమిది రోజులు అని చెప్పుకుంటారు. 2014లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. గోడ ఆ పొలాల మీదుగా రాకుండా ఆగింది. తాతలు పెట్టిన నీటి వంతు మనవళ్ల భూమిని కాపాడింది.

మన పరిస్థితీ వాళ్లదీ ఒకటే అని మేము చెప్పడం లేదు. మనకు ఓటు ఉంది, రాజ్యాంగం ఉంది, 1/70 చట్టం ఉంది. తమను పాలించే సైన్యాన్ని మార్చే ఓటు వాళ్లకు లేదు. కానీ ఒక్కటి మనకూ వర్తిస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉన్నామని చూపాలి. ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. గ్రామసభదే మొదటి మాట.

అందుకని ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు రెండు పనులు చేయండి. అమ్మానాన్నలతో చేను చివరి గట్టు దాకా నడవండి, ఏ చెట్టు ఎవరు నాటారో అడిగి రాసుకోండి. ఇంట్లో ఉన్న కాగితాలు, రసీదులు అన్నీ ఒక చోట పెట్టండి. హాస్టల్‌కు వచ్చాక, ఫోన్లో వచ్చిన వీడియోను పంపే ముందు అది ఎక్కడిది, ఎప్పటిది అని ఒకరినొకరు అడగండి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మొన్న కనిపించి "మేడం, ఈ ఏడు అక్కడ కాయ కోశారా?" అని అడిగింది. కొందరు కోశారమ్మా, కొందరిని కోయనివ్వలేదు అని చెప్పాం.

సెలవు. జోహార్.