యాభై పౌండ్ల నాలుక

ధారూర్, వికారాబాద్, తాండూరు వైపు నుంచి డిజైన్ చదువుకు వెళ్లిన పిల్లలూ, ఈ నాలుగు మాటలు మీకే. మా రికార్డుకు అట్టబొమ్మ వేసి పంపండని సంగీత బృందాలు అప్పుడప్పుడు అందరినీ ఆహ్వానిస్తుంటాయి. కుంచె పట్టేముందు జాన్ పాష్ సంగతి వినండి.

1970లో ఆయన లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో విద్యార్థి. రోలింగ్ స్టోన్స్ అనే రాక్ సంగీత బృందం తమకొక గుర్తు గీయమంది. ఆ బృందం గాయకుడు మిక్ జాగర్ నమూనాగా చూపించింది ఏమిటనుకున్నారు? మన కాళికాదేవి పటం! ఆ చాచిన నాలుకే ఎర్రటి పెదవుల గుర్తుకు ప్రేరణ. 1971లో 'స్టికీ ఫింగర్స్' రికార్డుతో అది లోకమంతా తిరిగింది. పాష్‌కు మొదట ముట్టింది మాత్రం 50 పౌండ్లు. 2008లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆ మూలచిత్రాన్ని సుమారు 50,000 పౌండ్లకు కొన్నది.

ఇక మీ అట్టబొమ్మ సంగతి. ఎల్‌పీ రికార్డు అట్ట సుమారు 12 అంగుళాల చదరం. ఇప్పుడదే బొమ్మ ఫోన్‌లో గోరంత. అంత చిన్నదిగా చేసి చూసుకోండి. తెలుగు అక్షరాలైతే ఒత్తులూ గుడులూ కలిసిపోతాయి, జాగ్రత్త. ఆహ్వానంలోని షరతులు చివరిదాకా చదవండి. ఎంపిక కాని బొమ్మల హక్కులూ బృందానివేనని రాసి ఉంటే మాత్రం పంపకండి.