పొద్దున్నే లేవాలంటే రాత్రి ఏం చేయాలి? టీనేజ్ పిల్లలకి ధనుర్మాసం నేర్పే క్రమశిక్షణ

  

ఈసారి టాపిక్ నేను అనుకున్నది కాదు, నన్ను అడిగింది. కాగజ్‌నగర్‌లో మాకు తెలిసిన ఒక అక్క అడిగింది. "తమ్మీ, మావోడు టెన్త్‌కొచ్చిండు. ఏడైనా లేవడు. ధనుర్మాసంల గుడికాడ పొద్దుగాల ఐదింటికి తిరుప్పావై చెప్తరంట. పంపిస్తే క్రమశిక్షణ వస్తదా?" అని. ఈ ప్రశ్న చాలా ఇండ్లల్లో ఉంది. అందుకే దీని మీద కొంచెం వివరంగా మాట్లాడుకుందాం.

నా జవాబు ముందే చెప్పేస్తా. వస్తది. కానీ పొద్దున లేవడం వల్ల రాదు. రాత్రి టైముకి పడుకోవడం వల్ల, రోజూ కొంచెం కొంచెం చదవడం వల్ల, పక్కన తోడు ఉండటం వల్ల వస్తది. ఈ మూడు లేకుండా పిల్లాడిని ఐదింటికి లేపితే వచ్చేది క్రమశిక్షణ కాదు, క్లాసులో కునుకు.

మన ప్రాంతంలో డిసెంబర్ పొద్దు ఎట్లుంటదో మీకు తెలుసు. సిర్పూర్ (యు), తిర్యాణి వైపు ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్‌కి పడిపోవడం మామూలే. ఇగం పెడుతుంటే చెద్దరులోంచి చెయ్యి బయట పెట్టబుద్ధి కాదు. అట్లాంటి చలిలోనే మన ఊర్లో ఒక పక్క ఫజర్ అజాన్ వినిపిస్తుంది, ఇంకో పక్క గుడిలో దీపాలు వెలుగుతాయి. పొద్దున్నే దేవుడి పేరు మీద చదువు అనేది మనకి కొత్త కాదు, ఏ ఒక్క మతానిదీ కాదు. అమెరికాలో మోర్మన్ చర్చి వాళ్ళు 1950 నుంచి హైస్కూల్ పిల్లలకి స్కూలుకి ముందు తెల్లవారుజామున మతపాఠాల క్లాసులు నడుపుతున్నరు. ఇన్ని చోట్ల ఇదే పద్ధతి ఎందుకు నిలబడింది? అందులో ఏముందో చూద్దాం.

ముందు తిరుప్పావై. గోదాదేవి, అంటే ఆండాళ్, తమిళంలో పాడిన 30 పాశురాలు. ఆమె కథనే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో తెలుగువాళ్ళకి చెప్పిండు. ధనుర్మాసం సుమారుగా డిసెంబర్ 16 నుంచి జనవరి 14 దాకా ఉంటుంది. ఆ నెలంతా తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారు. మన ఊర్లలో వైష్ణవాలయాల్లో రోజుకొక పాశురం చెప్పి అర్థం వివరిస్తారు.

అసలు విషయం ఏంటంటే, తిరుప్పావై కథే పొద్దున లేవడం గురించి. ఒక ఊరి అమ్మాయిలు కలిసి నోము పట్టారు. రెండో పాశురంలోనే రూల్స్ పెట్టుకుంటారు. నెయ్యి, పాలు వద్దు. తెల్లవారుజామునే స్నానం చేయాలి. కాటుక పెట్టుకోవద్దు, పూలు ముడుచుకోవద్దు. చాడీలు చెప్పవద్దు. ఉన్నంతలో దానం చేయాలి. గమనించండి, ఈ రూల్స్ వాళ్ళ అమ్మానాన్నలు పెట్టినవి కాదు. వాళ్ళే పెట్టుకున్నారు.

తర్వాత ఆరో పాశురం నుంచి పదిహేనో పాశురం దాకా పది పాశురాలు ఏం చేస్తారో తెలుసా? పడుకున్న ఫ్రెండ్స్‌ని లేపుతారు! ఒక్కో పాశురంలో ఒక్కో ఇంటి ముందు నిలబడి ఒక్కో అమ్మాయిని పిలుస్తారు. పక్షులు అరుస్తున్నాయి లే అంటారు. ఒకామెని కుంభకర్ణుడి పేరు తీసి ఆటపట్టిస్తారు. ఒకామె లోపల్నుంచి ఎదురు సమాధానం చెప్తుంది, అందరూ వచ్చారా అని అడుగుతుంది, బయటికొచ్చి నువ్వే లెక్కపెట్టుకో అంటారు. అంటే అటెండెన్స్ కూడా ఉంది! కానీ ఎవరినీ వదిలేసి పోరు. లేవలేదని తిట్టి వెళ్ళిపోరు. 30 పాశురాల్లో మూడో వంతు తోటివాళ్ళని లేపడానికే పోయింది. ఒంటరిగా లేవడం కష్టమని ఆండాళ్‌కి వెయ్యేళ్ళకు ముందే తెలుసు. మనమేమో పిల్లాడి తల పక్కన అలారం పెట్టి, వాడొక్కడే యుద్ధం చేయాలంటాం.

రెండోది ఖురాన్ కంఠస్థం చేసే పద్ధతి, దాన్ని హిఫ్జ్ అంటారు. మన ఊర్లో ముస్లిం ఫ్రెండ్స్ ఉన్నవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది. ఖురాన్‌లో 30 పారాలు. వాళ్ళ చదువులో రోజూ మూడు భాగాలుంటాయి. సబక్ అంటే ఇవ్వాళ్టి కొత్త పాఠం. సబ్ఖీ అంటే ఈ మధ్య చదివినదాన్ని మళ్ళీ అప్పజెప్పడం. మంజిల్ అంటే ఎప్పుడో నేర్చుకున్న పాతదాన్ని తిరగేయడం. కొత్తది కొంచెమే, పాతది రోజూ. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లో మనిషి ఎంత తొందరగా మరచిపోతాడో లెక్కగట్టి పుస్తకం రాసిండు. మళ్ళీ మళ్ళీ చూసుకుంటేనే గుర్తుంటుందని ఇవ్వాళ స్టడీ యాప్స్ చేసేవాళ్ళందరూ చెప్పేది ఆ దారిలోదే. బీటెక్‌లో సెమిస్టర్ ఎగ్జామ్ ముందు రాత్రి అయిదు యూనిట్లు మింగే మన పద్ధతికి ఇది పూర్తిగా ఉల్టా.

మన వేద పాఠశాలల్లో సంత చెప్పడం కూడా ఇట్లాంటిదే. గురువు ఒకసారి అంటే శిష్యులు మళ్ళీ మళ్ళీ అంటారు. రోజుకి కొద్దిగా, గొంతు విప్పి, నలుగురితో కలిసి.

ఇప్పుడు నిద్ర సంగతికి వద్దాం. మనం దీని గురించి తక్కువ మాట్లాడతాం.

13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. పైగా ఈ వయసులో శరీరం గడియారమే కొంచెం వెనక్కి జరుగుతుంది. నిద్ర తెప్పించే మెలటోనిన్ హార్మోన్ రాత్రి ఆలస్యంగా మొదలవుతుంది. అందుకే అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం స్కూళ్ళు 8:30 కంటే ముందు పెట్టొద్దని 2014లో సలహా ఇచ్చింది. కాబట్టి మీ పిల్లాడు ఏడింటికి లేవకపోతే వాడు బద్ధకస్తుడు అని వెంటనే అనకండి. వాడి ఒంట్లో జరిగేది కూడా ఉంది.

ఇప్పుడు లెక్క వేయండి. పొద్దున 4:45కి లేవాలంటే, తక్కువలో తక్కువ 8 గంటలు వేసుకున్నా, రాత్రి 8:45కి నిద్రలో ఉండాలి. పడుకోవడం కాదు, నిద్రలో ఉండాలి. మీ ఇంట్లో రాత్రి 8:45కి ఏం జరుగుతుంటది? టీవీలో సీరియల్ నడుస్తుంటది. నాన్న అప్పుడే ఇంటికొస్తడు. అన్నం ఇంకా కాలేదు. పిల్లాడు ట్యూషన్ నుంచి సైకిల్ మీద వస్తుంటడు. ఇట్లాంటి ఇంట్లో 4:45 అలారం పెట్టడం అంటే, ఇంటోళ్ళు ఎవరూ మారకుండా ఒక్క పిల్లాడినే మారమనడం.

పెద్దలు చెప్పినవాటిలో కూడా రాత్రి సంగతి ఉంది. భగవద్గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి చెప్తాడు, మరీ ఎక్కువ నిద్రపోయేవాడికి యోగం కుదరదు, అసలు నిద్రపోనివాడికీ కుదరదు అని. రెండో సగం మనం పిల్లలకి చెప్పం. ఇషా నమాజు అయ్యాక కబుర్లు పెట్టుకోవడం ప్రవక్తకి ఇష్టం ఉండేది కాదని హదీసుల్లో ఉంది. రెండూ కలిపి చూస్తే, తెల్లవారుజాము ప్రార్థన ముందు రోజు రాత్రే మొదలవుతుంది.

కాగజ్‌నగర్ వాళ్ళకి ఇంకో ఉదాహరణ చెప్తా. మనది మిల్లు ఊరు. షిఫ్టు ఉన్నన్ని రోజులు లేవడానికి ప్రత్యేకంగా మనసు గట్టి చేసుకోవాల్సిన పని లేదు, షిఫ్టే లేపుతది. 2014లో సిర్పూర్ పేపర్ మిల్లు ఆగిపోయింది. 2018లో జేకే పేపర్ చేతికి వెళ్ళేదాకా మూతపడే ఉంది. ఆ రోజుల్లో ఎన్ని ఇండ్లు ఎంత ఇబ్బంది పడ్డాయో మనకి తెలుసు. మా వీధిలో ఒక పెద్దాయన మాత్రం ఆ నాలుగేళ్ళూ అదే టైముకి లేచి, స్నానం చేసి, అరుగు మీద కూర్చొని రామాయణం చదివేవాడు. ఎందుకని అడిగితే, "మిల్లు బందైతే నేను బందైతనా?" అన్నడు. అప్పటిదాకా షిఫ్టు లేపితే లేచిన మనిషి, తర్వాత తనంతట తాను లేచిండు. మన పిల్లలకి కావాల్సింది ఈ మార్పు. హాస్టల్లో వార్డెన్ లేపితే లేవడం అందరికీ వస్తది. వార్డెన్ లేని రోజు ఏం చేస్తారన్నదే ప్రశ్న.

మరి ఎన్ని రోజులు పడుతుంది? 21 రోజులు అని వినే ఉంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక్క రోజు తప్పితే పెద్దగా నష్టం లేదని కూడా తేలింది. ఇది పిల్లలకి తప్పకుండా చెప్పండి. ఒక రోజు లేవలేదంటే నోము చెడిపోలేదు. మర్నాడు లేస్తే చాలు.

అంటే ధనుర్మాసం 30 రోజులు చాలామందికి సరిపోవు. భోగి కాగానే సెలవులు, పతంగులు, పదింటిదాకా నిద్ర. అక్కడ తెగిపోతుంది. అందుకే నా సలహా ఇది. తిరుప్పావై 30 రోజులు కాగానే ఆపకుండా గీతలో 12వ అధ్యాయం మొదలుపెట్టండి, 20 శ్లోకాలు. తర్వాత 15వ అధ్యాయం, అదీ 20 శ్లోకాలే. రోజుకొకటి. మొత్తం 70 రోజులు. డిసెంబర్ 16న మొదలుపెడితే ఫిబ్రవరి 23 దగ్గరికి వస్తారు. పరీక్షలు ముందున్న టైముకి పొద్దున ఒక గంట మీ చేతిలో ఉంటుంది.

ఇగ చేయాల్సినవి చెప్తా.

ఒకటి. మొదటి వారం పొద్దున టైమ్ ముట్టుకోకండి. రాత్రి టైమ్ మాత్రమే మార్చండి. రోజుకి 15 నిమిషాలు ముందుకి జరపండి. తొమ్మిదింటికి ఇంట్లో అందరి ఫోన్లూ ఒక్క చోట, అమ్మానాన్నవి కూడా. ట్యూషన్ వల్ల పదింటిలోపు పడుకోవడం కుదరకపోతే ఐదు గంటల క్లాస్ వద్దు. ఆరున్నరకి ఇంట్లోనే చదువుకోండి. దేవుడు టైమ్ చూసి మార్కులు వేయడు.

రెండు. ఒక్కరే వద్దు. ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ కలవండి. ఒకరింటికి ఒకరు వెళ్ళి పిలుచుకోండి. చీకట్లో, చలిలో కలిసి వెళ్తే పెద్దలకీ నిమ్మళం.

మూడు. పాఠం చిన్నగా ఉండాలి. ఒక్క పాశురం, దాని అర్థం, నిన్నటిది ఒకసారి అప్పజెప్పడం. 20 నిమిషాలు చాలు. అర్థం తెలియకుండా చదివిస్తే వారానికే విసుగొస్తుంది. "ఇది ఎందుకు చెప్పింది?" అని పిల్లలు అడిగితే కసురుకోకండి.

నాలుగు, ఇది అమ్మానాన్నలకి. దీన్ని శిక్షగా వాడొద్దు. మార్కులు తగ్గినయి కాబట్టి గుడికి పో అంటే, వాడికి గుడి అన్నా పొద్దు అన్నా చేదైతది. ఇంకో మాట. చాలా ఇండ్లల్లో ఆడపిల్ల ఈ నెలంతా ఐదింటికే లేస్తది. వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గేస్తది. అదే టైములో అన్న చెద్దరు కప్పుకొని పడుకుంటడు. అమ్మాయికి ఆ పని మీద ఈ చదువు కూడా ఎక్కించకండి. ఆమె చదువుకునే 20 నిమిషాలు చీపురు అన్న చేతికి ఇవ్వండి. తిరుప్పావై పాడింది కూడా ఒక ఆడపిల్లే కదా.

ఐదు. ఆదివారం కూడా అదే టైమ్. కావాలంటే మధ్యాహ్నం కాసేపు పడుకోండి. ఎండ వచ్చాక పది నిమిషాలు ఆరుబయట నిలబడండి. పొద్దుటి వెలుగు పడితే రాత్రి నిద్ర తొందరగా వస్తది.

పిల్లలూ, చివరిగా మీకు. ఇది మీ అమ్మ కోసం చేస్తే అమ్మ ఊరెళ్ళిన రోజు ఆగిపోతది. రెండో పాశురంలో ఆ అమ్మాయిలు పెట్టుకున్నట్టు మీరే మూడు రూల్స్ రాసుకోండి. మీరు రాసినవే, మీరు పాటించేవే. గోడకి అంటించండి. మొదటి రూల్ రాత్రి ఎన్నింటికి పడుకుంటారో అదే ఉండాలి.

వచ్చే ఎపిసోడ్‌లో పరీక్షల భయం గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు. మళ్ళీ కలుద్దాం, నమస్తే.