నొయ్యలు నీళ్ళు - ఆయకట్టు రైతులు

కాలువకు నీళ్ళు వదలమని రైతులు అడగడం మనమందరం ఎరిగినదే. వదలవద్దని రైతులే పట్టుబట్టిన నది ఒకటి కోయంబత్తూరు సీమలో ఉంది. అదే నొయ్యలు.

వెళ్ళియంగిరి కొండల్లో పుట్టి, కోయంబత్తూరు, తిరుప్పూరుల మీదుగా పోయి కావేరిలో కలిసే చిన్న నది ఇది. ఆ సీమ నల్లరేగడిలో పత్తి పండించిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. తిరుప్పూరుకు దిగువన ఒరత్తుపాళయం వద్ద 1992లో జలాశయం పూర్తయింది. సాగుకోసం కట్టిన ఆ జలాశయంలోకి బనియన్ల అద్దకం కార్ఖానాల మురుగునీరు వచ్చి చేరింది.

రంగు కంటికి కనబడుతుంది. పంటను చంపేది మాత్రం ఉప్పు. నూలుగుడ్డకు రంగు పట్టాలంటే అద్దకం తొట్టిలో ఉప్పు విస్తారంగా వెయ్యాలి. మామూలు శుద్ధిలో రంగు విరుగుతుంది, ఉప్పు నీటిలోనే మిగులుతుంది. బడిలో పిల్లలచేత సిరా కలిపిన ఉప్పునీటిని బొగ్గుపొడిలో వడకట్టిస్తుంటాను. నీరు తేటపడగానే చప్పట్లు కొడతారు. ఆ తేటనీటినే కాచి ఇగిరిస్తే గిన్నె అడుగున ఉప్పు తేలుతుంది, అప్పుడు చప్పట్లు ఉండవు! అటువంటి నీరు పారిన పొలంలో నేల బిగుసుకుపోతుంది. తేమ ఉన్నా వేరు పీల్చుకోలేదు. చుట్టుపట్ల బావులూ ఉప్పెక్కాయి.

ఒక బావి ఉప్పెక్కితే అది ఆ నేల గుణమని తోసివేయవచ్చు. ఆయకట్టు అంతా ఒకే మాట చెబితే తోసివేయడం కష్టం. నొయ్యలు ఆయకట్టుదారుల రక్షణ సంఘం 2003లో మద్రాసు హైకోర్టుకు వెళ్ళింది. మురుగునీరు చుక్క కూడా నదిలోకి వదలరాదని 2006 డిసెంబరులో తీర్పు వచ్చింది. 2009లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. అయినా అమలు సరిగా జరగలేదు. చివరకు 2011 జనవరిలో అద్దకం కార్ఖానాలను మూసివేయమని హైకోర్టు ఆదేశించింది.

వేలాదిమందికి కూలి పోయింది. వాళ్ళలోనూ సేద్యం విడిచి వచ్చినవాళ్ళు ఉన్నారు. అందుచేత రైతులు గెలిచారు, కార్ఖానాలు ఓడాయి అని లెక్క తేల్చడం నాకు ఇష్టం లేదు. తరువాత, ఉప్పును వేరుచేసి నీటిని తిరిగి వాడుకొనే శుద్ధి కేంద్రాలతో అద్దకం మళ్ళీ మొదలైంది. దానికి ఖర్చు ఎక్కువే. ఇదివరకు ఆ ఖర్చును దిగువ పొలాలు భరించాయి.

పాలారు ఒడ్డున, తోళ్ళ కార్ఖానాల దిగువన ఉన్న మన రైతులకు ఈ కథ కొత్తగా ఉండదు. నీటిలో ఉప్పును కొలిచే చిన్న మీటర్లు ఇప్పుడు సులభంగా దొరుకుతున్నాయి. సంఘానికి ఒకటి ఉంటే చాలు. కాలువ వదిలినప్పుడల్లా కొలిచి, తేదీ వేసి, పుస్తకంలో రాసి ఉంచండి. అధికారుల ముందుకు వెళ్ళే రోజున ఆ పుస్తకం వెంట తీసుకువెళ్ళండి.