ఊరు నిలబెట్టుకున్న గ్రంథాలయం

బాపట్ల జిల్లాలో చీరాల పక్కనే ఉంది వేటపాలెం. మగ్గాలకు, జీడిపప్పుకు పేరున్న ఊరు. వి.వి. శ్రేష్ఠి పూనికతో 1918లో అక్కడ సారస్వత నికేతనం అనే గ్రంథాలయం వెలిసింది. 1929లో గాంధీజీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. అప్పుడు విరిగిన ఆయన చేతికర్రను నేటికీ అక్కడ భద్రపరిచారు.

అసలు సంపద మాత్రం బీరువాల్లో ఉంది. తాళపత్రాలు, ఇంకెక్కడా దొరకని పుస్తకాలు, ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక వంటి పాత పత్రికల సంపుటాలు. ముట్టుకుంటే అంచులు పొడిగా రాలే కాగితాలవి. తెలుగు నాట చరిత్ర రాసేవాళ్లు వాటికోసం దూరాల నుంచి వస్తుంటారు. దాతల విరాళాలు ఆ గ్రంథాలయాన్ని ఇన్నేళ్లు నిలబెట్టాయి.

పాత కాగితాలను కాపాడే ఇలాంటి పని ఏ ఊరివాళ్లయినా మొదలుపెట్టవచ్చు. మీ అటక మీద పాత నాటకాల కరపత్రాలు, తిరునాళ్ల ఆహ్వానాలు, బడి ఫొటోలు ఉంటాయి. చిత్తుకాగితాలవాడికి వేసేముందు ఒక్కసారి చూడండి. ఫొటో వెనక పెన్సిలుతో పేర్లు, ఏడాది రాయండి. మడత పెట్టకుండా, చెమ్మ తగలకుండా దాచి, మీ ఊరి గ్రంథాలయంలో తీసుకుంటారేమో అడిగి చూడండి. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో వాటిని ప్రదర్శనకు పెట్టవచ్చు. ఊళ్లో పెద్దవాళ్లను కూర్చోబెడితే ఆ ఫొటోల్లో ఎవరెవరున్నారో వాళ్లే చెబుతారు.