మోటారు షాపులో మొదటి పనివాడు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



బోరుబావి మోటారు కాలిపోయిననాడు దాని విలువ ఎంతయో, పొట్టదశలో వరి ఉన్న రైతునకే తెలియును. అయితే నేడు మేము చెప్పదలచినది ఆ రైతును గురించి కాదు. ఆ మోటారును మరల చుట్టు మేస్త్రిని గురించియు, అతడు క్రొత్తగా చేర్చుకొనబోవు మొదటి పనివానిని గురించియు. ఇది పంచాయతీకి సంబంధించిన విషయమా అని మీలో కొందరు అనుకొనవచ్చును. నాలుగైదు గ్రామములకు ఒకే మోటారు షాపు ఉన్నచోట, ఆ మేస్త్రి జ్వరముతో మంచము పట్టినను, మూడు దినములు పెండ్లికి వెళ్లినను ఎన్ని ఎకరములు నీరు లేక బీటలు వారునో లెక్క వేయుడు. సంబంధము తెలియగలదు.

ఒంటరి మేస్త్రి రెండవ మనిషిని పెట్టుకొనకపోవుటకు డబ్బు లేమి ఒక్కటే కారణము కాదు. పని నేర్చినవాడు రేపు ఎదుటనే షాపు పెట్టునను భయము అంతకన్న పెద్దది. ఈ భయము అబద్ధమని మేము చెప్పము. అట్లు జరుగుచునే ఉన్నది. కాని ఎండాకాలములో షాపు ముందు వరుసగా పడియున్న మోటారులను చూచినవారికి రెండవ షాపునకును పని ఉన్నదని తోచకపోదు.

మనిషిని ఎప్పుడు చేర్చుకొనవలెను? సాధారణముగా మేస్త్రులు పని తలకు మించిన మాఘ ఫాల్గుణములలో వెదకుదురు. అది సరియైన అదను కాదు. నేర్పుటకు తీరిక ఉండదు. తొందరలో చూచి నేర్చినది తప్పుగా నేర్చును. వర్షములు నిలుకడగా కురిసి మోటారులకు విశ్రాంతి దొరకు శ్రావణ భాద్రపదములు మేలు. అప్పుడు చేరినవాడు దాళ్వా ముదురునాటికి చేతికి అందివచ్చును. మొదటి రెండు నెలలు మేస్త్రి పని పెరుగునే గాని తగ్గదు. ఈ సంగతి ముందుగా తెలిసికొననివారే పదునైదు దినములలో విసిగి పిల్లవానిని పంపివేయుచున్నారు.

ఇక నేర్పు క్రమము. మొదటి పక్షము తీగ ముట్టనీయరాదు. కాలిన మోటారును విప్పించి, పాత చుట్లు తీయుటకు ముందే పుస్తకములో వ్రాయించవలెను: రైతు పేరు, ఊరు, ఎన్ని హార్సు పవరు, స్లాట్లు ఎన్ని, ఒక్కొక్క కాయిలునకు చుట్లు ఎన్ని, తీగ గేజి ఎంత, కాయిలు ఏ స్లాటు నుండి ఏ స్లాటునకు పోయినది, ఏనాడు ఇత్తుమని చెప్పినది. ఈ లెక్కలన్నియు చాలమంది మేస్త్రులకు నోటనే ఉండును. నోటనున్న విద్య నేర్పుటకు కష్టము, పుస్తకములోనిది సులువు. పిదప స్లాట్లు శుభ్రపరచి ఇన్సులేషను కాగితము అమర్చుట, ఆ తరువాత ఫార్మాపై కాయిళ్లు చుట్టుట, స్లాట్లలో దించుట, చిట్టచివరకు కనెక్షనులు. ఒక మెట్టులో మూడు మోటారులు తప్పు లేక చేసిన తరువాతనే రెండవ మెట్టు ఎక్కనీయవలెను. వార్నీషు ఆరక మునుపే బిగించి పంపు అలవాటు మొదటినుండియు రానీయరాదు. మెగ్గరుతో చూచినపుడు ఒక మెగ్ ఓమునకు తక్కువ చూపిన మోటారు, రైతు ఎంత బతిమాలినను, గడప దాటరాదు.

మోటారు ఎందుకు కాలెనో అడుగుట కూడ నేర్పవలసిన విద్యయే. స్టారు కనెక్షను గల మోటారులో రెండు ఫేజుల చుట్లు మాడి మూడవది చెక్కుచెదరకున్న యెడల, కరెంటు ఒక ఫేజు పోయి నడచినదని అర్థము. అట్టి రైతునకు స్టార్టరులో ప్రివెంటరు పెట్టించుకొమ్మని చెప్పక మోటారు మాత్రమే చుట్టి ఇచ్చిన, నెల తిరుగక మరల వచ్చును. మేస్త్రికి కూలి వచ్చును గాని మాట పోవును.

వేళల విషయమున ఒక్క మాట. ఉదయము మేస్త్రి షాపులో ఉండగా నేర్పు పని, మధ్యాహ్నము మేస్త్రి పొలములకు పోయినపుడు విప్పుట, కడుగుట, వ్రాయుట వంటి ఒంటరిగా చేయదగిన పని. వారమునకు 48 గంటలు మించరాదు. వారపు సెలవు సంతనాడు కాక వేరొకనాడు ఉండవలెను. సంతకు వచ్చు రైతులే మోటారులు తెత్తురు గదా! రాత్రివేళ బోరు నుండి మోటారు తీయుటకు పిలుపు వచ్చిన, మరునాటి ఉదయము ఆలస్యముగా వచ్చుటకు అనుమతి ఉండవలెను. నిద్రలేని చేయి విద్యుత్తు వద్ద పనికిరాదు.

ఇచ్చట 415 వోల్టులతో వ్యవహారము. మెయిను ఆపి, ఫ్యూజులు ఊడదీసి తన జేబులో వేసికొనిన పిమ్మటనే స్టార్టరు పెట్టె తెరువవలెనని మొదటి దినముననే చెప్పవలెను. ప్రతి దినము చెప్పవలెను. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు వేయుట లైనుమను పని. రైతు ఎంత తొందరపెట్టినను, పిల్లవానిని దిమ్మె ఎక్కించు మేస్త్రిని మీరు ఊరివారి ఎదుట మందలింపవలెను. 14 ఏండ్లు నిండనివారిని ఏ పనిలో పెట్టుకొనుటయు చట్టరీత్యా నేరము. 18 ఏండ్లు నిండనివారిని ప్రమాదకరమైన వృత్తులలో పెట్టరాదు. మోటారు షాపునకు 18 నిండినవారినే తీసికొనవలెనని మా అభిప్రాయము. పనివాడు అంటిమి గాని, కాయిలు చుట్టుటకు ఆడపిల్ల చేయి ఏమాత్రము తీసిపోదు.

“పని నేర్చుకొనుచున్నాడు, జీతమెందుకు?” అను మాట ఇంకను వినబడుచున్నది. 1961 నాటి అప్రెంటిసుల చట్టము 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థలకు విధి. ఒంటరి షాపునకు వర్తింపదు. కనుక ఆ పేరు చెప్పి జీతము ఎగవేయుటకు వీలులేదు. ప్రభుత్వము నిర్ణయించిన కనీస వేతనమునకు తగ్గక, మరుసటి నెల 7వ తేదీలోగా ఇచ్చి సంతకము తీసికొనవలెను. ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా లభించు ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరినాడా అని బ్యాంకు పుస్తకము చూచి తెలిసికొనుడు.

జిల్లాలలోని గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలలో మోటారు రీవైండింగు కోర్సు ఉచితముగా, భోజన వసతులతో నేర్పు ఏర్పాటు కలదు. మొదట అచ్చటికి పంపి తరువాత షాపులో చేర్చుకొనిన మేస్త్రికి సగము శ్రమ తప్పును. మీ జిల్లా సంస్థలో తరువాతి జట్టు ఎప్పుడు మొదలగునో కనుగొని మేస్త్రికి తెలుపుట పంచాయతీ సభ్యుడు చేయగల పని.

ఇద్దరి మధ్య ఒప్పందము ఒక్క కాగితముపై ఉండిన చాలును: జీతము, వేళలు, సెలవు, ఎన్ని నెలలలో ఏమి నేర్పవలెను, వెళ్లదలచిన ఎన్ని దినములు ముందు చెప్పవలెను. సాక్షిగా మీలో ఒకరు సంతకము చేయుడు. దాని నకలు ఒకటి పిల్లవాని వద్దనే ఉండవలెను.